తాళంచెవిలో నల్ల ముక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురం. పిన్ని, పిన్ని వాళ్ళ మామగారు, బాబాయి, నేను. ఇందులో బాబాయిని ఉన్నట్టు లెక్క వేయాలో లేదో తెలియదు. బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఏడింటికి వచ్చి పడుకున్నాడు. ఆయన పడుకున్నాక ఇంటికప్పు ఎగిరిపోయినా దుప్పటి తలమీదికి లాక్కుంటాడు తప్ప కళ్ళు తెరవడు. పిన్ని మామగారిని నేను తాతయ్య అంటాను. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి, చూపు మందగించాక దుకాణం మూసేశాడు. ఆ దుకాణంలోని బల్లను మాత్రం తెచ్చి ముందు గదిలో కిటికీ పక్కన వేసుకున్నాడు. ఇక నేను పిన్నికి అక్క కూతుర్ని. మా ఊరి బడిలో పదో తరగతి పూర్తిచేసి, పైచదువు కోసం ఈ ఇంటికి వచ్చి అప్పటికి నెలన్నర. అడుగు చప్పుడు వినపడదని బాబాయి నన్ను పిల్లి అంటాడు. మాట చప్పుడు కూడా వినపడదని పిన్ని అంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు పిన్నికి ఒక పరీక్ష ఉంది. కాగితం మీద రాసే పరీక్ష కాదు. పెద్దాసుపత్రి ల్యాబు వాళ్ళకి కారున్న డ్రైవరు కావాలి. చుట్టుపక్కల ఐదు చిన్న ఆసుపత్రులకు వెళ్ళి, రక్తం సీసాలను చల్లటి పెట్టెలో పెట్టుకుని, చీకటి పడేలోపు ల్యాబుకి చేర్చాలి. పిన్ని ఆ పని కోసం నాలుగు నెలలుగా తిరుగుతోంది. మొదటిసారి వెళ్తే, "ఇంతవరకు ఆడవాళ్ళకి ఇవ్వలేదమ్మా" అన్నారట. రెండోసారి "చూద్దాం" అన్నారట. మూడోసారి అక్కడి సూపర్‌వైజర్ విసుగొచ్చి, "సరే, ఒక్కరోజు నడిపి చూపించండి. రెండింటికి కారుతో సహా గేటు దగ్గర ఉండాలి. లేకపోతే మీకు ఫోన్ చేయను, జాబితాలో మీ కింద రాసి ఉన్న పేరుకి చేస్తాను" అన్నాడట. ఆ మాట పిన్ని మాకు కనీసం ఇరవైసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కింద రాసి ఉన్న ఆ పేరువాడెవరో మా కళ్ళముందు నిలబడి మీసం దువ్వుతున్నట్టే ఉండేది.

కారు పాతది. ఎవరో ఏడేళ్ళు వాడి అమ్మేసినది. దానితో తాళంచెవి ఒక్కటే వచ్చింది. రెండోది అమ్మినవాళ్ళు ఎప్పుడో పోగొట్టుకున్నారు. ఆ ఒక్కటి రిమోట్ తాళంచెవి. నల్లటి డబ్బీలాంటి తల, దాని మీద రెండు బటన్లు, పక్కనుంచి మడత విప్పుకుని బయటికి వచ్చే ఇనుప నాలుక. వారం రోజులుగా ఆ బటన్లు సరిగా పనిచేయడం లేదు. కారు తలుపుకి ఆనించి నొక్కితే తప్ప తెరుచుకునేది కాదు. ముందురోజు సాయంత్రం అదీ లేదు. పిన్ని ఇనుప నాలుకతోనే తలుపు తెరిచి, దానితోనే స్టార్ట్ చేసి, ఇంటికి తెచ్చి పెట్టింది. బండి నడవడానికి బటన్లతో పనిలేదు. కానీ సూపర్‌వైజర్ ముందు నిలబడి దొంగలా తలుపు కంతలో గెలుకుతుంటే ఏం బాగుంటుందని ఆమె బాధ.

అందుకని పొద్దున్నే తాళంచెవిని తాతయ్య బల్లమీద పెట్టింది.

"మామయ్యా, దీనికి సెల్ మార్చి పెట్టండి. మీ గడియారాల్లో వేసేలాంటిదే."

తాతయ్య మొహం వెలిగిపోయింది. ఆయన దగ్గరికి పని వచ్చి చాలా రోజులైంది. బల్లమీద తెల్లగుడ్డ పరిచాడు. కంటికి చిన్న భూతద్దం తగిలించుకున్నాడు. సన్నటి రేకు ముక్కను తాళంచెవి అంచులో దూర్చి ఒక్క తిప్పు తిప్పితే అది ఆల్చిప్పలా రెండుగా విడిపోయింది. ఆయన పని చూడడం నాకిష్టం. స్టూలు జరుపుకుని కూర్చున్నాను. ఇంతలో నీళ్ళు వస్తున్నాయని పిన్ని కేకేసింది. బకెట్లు నింపి వచ్చేసరికి తాతయ్య మూత బిగించేస్తున్నాడు.

గేటు దగ్గరికి వెళ్ళి బటన్ నొక్కాడు. కారు టక్కుమని లైట్లు వెలిగించి ఆర్పింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ, మళ్ళీ. చంటిపిల్లాడిని చక్కిలిగింత పెట్టి నవ్విస్తున్నట్టు పదిసార్లు నొక్కాడు.

"ఒక్క సెల్లే కాదమ్మాయ్, లోపలంతా శుభ్రం చేశాను. ఎంత మురికి పేరుకుందో! మీ కార్లవాళ్ళకి శుభ్రం తెలియదు" అన్నాడు.

పదిన్నరకి పిన్ని కారు తుడిచి, లోపల కూర్చుని తాళం తిప్పింది. ఇంజను గుర్రుమని లేచింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. లేచింది, ఆగింది. నేను మెట్లమీద నిలబడి చూస్తున్నాను. ఆరుసార్లు అలాగే జరిగింది. ప్రతిసారీ స్టీరింగ్ వెనక ఒక ఎర్రటి బొమ్మ మిణుకుమిణుకుమంటోంది.

చప్పుడు విని ఎదురింటి దర్జీ మెడలో టేపుతోనే వచ్చాడు. మా వీధిలో ఎవరి బండి ఆగినా ముందు ఆయన వస్తాడు. ఆయనకి బండి లేదు.

"పెట్రోలు అయిపోయి ఉంటుంది చెల్లెమ్మా."

"నిన్ననే పోయించాను అన్నయ్యా."

"అయితే నీళ్ళు కలిపిన పెట్రోలు పోసుంటారు."

"నీళ్ళు కలిపిన పెట్రోలుతో నిన్న ఇంటిదాకా ఎలా వచ్చాను?"

"నిన్న పైనున్న పెట్రోలుతో వచ్చావు. ఇవాళ అడుగునున్న నీళ్ళు తగిలాయి."

పిన్ని బానెట్ ఎత్తింది. ఇద్దరూ తలలు లోపల పెట్టి చూడసాగారు. ఏం చూడాలో ఇద్దరికీ తెలియదని వెనకనుంచి చూసినా తెలుస్తోంది. తాతయ్య గుమ్మంలోంచి, "తాళం దివ్యంగా ఉంది. తలుపులు తెరుచుకుంటున్నాయిగా? జబ్బు బండిదే" అని తేల్చేసి లోపలికి వెళ్ళిపోయాడు.

పిన్ని ఇద్దరు మెకానిక్కులకి ఫోన్ చేసింది. ఒకడు రేపొస్తానన్నాడు. రెండోవాడి మీద అరిచింది, వాడు పెట్టేశాడు.

నాకు ఏదైనా అర్థం కాకపోతే నోట్‌బుక్‌లో రాసుకుంటాను. రోజూ రాత్రి రాసుకునేదాంట్లోనే, వెనక పేజీల్లో. లోపలికి వెళ్ళి రాశాను. నిన్న సాయంత్రం: బటన్లు లేవు, ఇంజను ఉంది. ఇవాళ: బటన్లు ఉన్నాయి, ఇంజను లేదు. రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి చూశాను. ఆ రెండింటికీ మధ్య రాత్రంతా బండి కదల్లేదు. ఎవరూ ముట్టుకోలేదు. జరిగినదల్లా ఒక్కటే. మూడో వరుసలో "తాతయ్య బల్ల" అని రాయబోయి, కలం ఎత్తేశాను. రాస్తే ఎవరైనా చదువుతారేమోనని కాదు. రాస్తే చెప్పాల్సి వస్తుంది.

ముందు చెప్పకుండా తేలేదేమైనా ఉందేమో చూద్దామనుకున్నాను. కారు సొరుగులో దానితో వచ్చిన పుస్తకం ఉంది. ఇంగ్లీషు, చీమతలకాయలంత అక్షరాలు. మా బడిలో ఇంగ్లీషు మేష్టారు పాఠాన్ని తెలుగులోనే చెప్పేవారు. అయినా బొమ్మకి భాష లేదు కదా. ఒక్కొక్క పేజీ తిప్పుతూ ఆ ఎర్ర బొమ్మ కోసం వెతికాను. నలభై రెండో పేజీలో దొరికింది. కారు బొమ్మ, దాని కడుపులో తాళంచెవి బొమ్మ. పక్కన రాసింది కూడబలుక్కుని చదివితే, తాళాన్ని బండి గుర్తుపట్టలేదని తేలింది.

అంటే జబ్బు తాళానిదే.

పుస్తకం పట్టుకుని పిన్ని పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఆమె నన్ను చూడడానికి ఒక నిమిషం పట్టింది.

"ఏంటే?"

"పాత సెల్ పెట్టి చూద్దామా పిన్నీ? నిన్న దానితో స్టార్ట్ అయింది కదా."

పిన్నికి ఆలోచన నచ్చింది. తాతయ్యని అడిగేంత ఓపిక లేక వంటింట్లోంచి చాకు తెచ్చి తాళంచెవి అంచులో దూర్చి ఎత్తింది. టప్పుమని ఏదో విరిగింది. మూత విడింది గానీ, రెండు చిప్పల్నీ కలిపి పట్టుకునే కొక్కెం విరిగి కిందపడింది.

"పోతే పోనీ" అంది పిన్ని, పళ్ళు బిగించి.

పాత సెల్ పెట్టి, చిప్పలు రెండూ వేళ్ళతో అదిమిపట్టి స్టార్ట్ చేసింది. బటన్లు మళ్ళీ చచ్చిపోయాయి. ఇంజను మాత్రం ఎప్పటిలాగే రెండు లెక్కపెట్టేలోపు ఆగింది. కాబట్టి గొడవ సెల్‌ది కాదు. నోట్‌బుక్‌లో సెల్ అనే మాట కొట్టేశాను. ఒకటి కొట్టేస్తే, కొట్టేయాల్సినవాటిలో ఒకటి తగ్గినట్టే కదా అని ధైర్యం చెప్పుకున్నాను. టైము పదకొండున్నర.

కారు వెనక అద్దం మీద "అన్ని రకాల తాళాలు" అని ఒక చిరిగిన స్టిక్కరు, దాని కింద నంబరు ఉన్నాయి. కొన్నప్పటినుంచీ అది అలాగే ఉంది. ఆ నంబరు చేతిమీద రాసుకున్నాను. కొత్తవాళ్ళతో ఫోన్లో మాట్లాడడమంటే నాకు నాలుక మడతపడిపోతుంది. అందుకని మాట్లాడాల్సింది ముందే రాసుకున్నాను. నమస్తే అండీ. మా కారు తాళం. సెల్ మార్చాం. బటన్లు పనిచేస్తున్నాయి. ఇంజను లేచి ఆగిపోతోంది. ఎర్ర బొమ్మ వెలుగుతోంది. ఇప్పుడు ఏం చేయాలి. బాబాయి తలగడ కిందనుంచి బటన్ల ఫోను లాగాను. ఆయన కళ్ళు మూసుకునే "పిల్లి" అని గొణిగి అటు తిరిగాడు.

పెరట్లో బట్టలారేసే తీగ కిందకి వెళ్ళి చేశాను. రాసుకున్నదంతా ఊపిరి తీసుకోకుండా ఒక్క దమ్మున చదివేశాను. అవతల ముసలి గొంతు నవ్వింది.

"మెల్లగా అమ్మా, రైలేం పోదు. లేచి ఎంతసేపటికి ఆగుతోంది?"

"రెండు లెక్కపెట్టేలోపు."

"తాళాన్ని ఎవరైనా పూర్తిగా ఇప్పారా?"

నేను మాట్లాడలేదు.

"ఇప్పారన్నమాట. దాంట్లో నల్ల ముక్క ఒకటుంటుంది. బియ్యపు గింజ కంటే కాస్త లావు. దానికి తీగా ఉండదు, స్క్రూ ఉండదు, సెల్‌తో పనిలేదు. ఒక మూల చిన్న గూట్లో ఊరికే కూర్చుని ఉంటుంది. బండి గుర్తుపట్టేది దాన్నే. అది లేకపోతే మీరు సొంతదారులైనా సరే, దొంగలనే అనుకుంటుంది. ఉందో లేదో చూడండి."

"లేకపోతే?"

"కొత్తది తెప్పించి బండికి పరిచయం చేయాలి. నేను ఊళ్ళోనే ఉన్నా మూడు రోజులు. ఇప్పుడు ఊళ్ళో లేను."

విరిగిన తాళంచెవి తీసుకుని చిప్పలు విప్పి చూశాను. ఒక మూల చిన్న గూడు ఉంది. గింజ పట్టేంత గూడు. అద్దంలా మెరుస్తూ, పరిశుభ్రంగా, ఖాళీగా ఉంది.

తాతయ్య బల్ల దగ్గర కూర్చుని పాత అలారం గడియారానికి నూనె వేస్తున్నాడు. పక్కన నిలబడ్డాను.

"తాతయ్యా, లోపల ఏదైనా నల్ల ముక్క ఉందా? పొద్దున?"

"ఏ ముక్క? ఉన్న ముక్కలన్నీ ఉన్నచోటే పెట్టాను."

"స్క్రూ లేని ముక్క. ఊరికే కూర్చుని ఉండేది."

భూతద్దం తీశాడు. "స్క్రూ గానీ మేకు గానీ పట్టుకోనిది ముక్క ఎలా అవుతుందమ్మా? అది నలుసు. గడియారం పెట్టెలో వదులుగా తిరిగేది ఏదైనా సరే మురికే. నా గురువు నాకు మొదటిరోజు చెప్పింది అదే. ముందు వదులుగా ఉన్నది తీసెయ్, తర్వాతే పని మొదలుపెట్టు అన్నాడు."

"తీసేశారా?"

ఆయన జవాబు చెప్పేలోపు వెనకనుంచి పిన్ని గొంతు వినపడింది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"మామయ్యా! పారేశారా?"

"ఏంటమ్మాయ్ ఆ గొంతు? నలభై ఏళ్ళలో ఒక్క పళ్ళచక్రం పోగొట్టలేదు నేను."

"చక్రం కాదు మామయ్యా, నా ఉద్యోగం!"

నేను నోట్‌బుక్ గుండెకి అదుముకుని, ఫోన్లో విన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ తాతయ్య నావైపు చూడలేదు. చేతిలోని నూనెపుల్లనే చూస్తున్నాడు. నేను చెప్పడం అయ్యాక దాన్ని మెల్లగా కింద పెట్టాడు. "ఉంది. నల్లటిది. తారు ముక్కనుకున్నాను" అన్నాడు.

"ఎక్కడ వేశారు?"

"ఊదేశాను."

బల్లమీద రబ్బరు బుడ్డి ఉంటుంది. నొక్కితే ముక్కులోంచి గాలి వస్తుంది. దుమ్ము ఊదడానికి వాడతాడు. దాన్ని చూపించాడు.

పిన్ని ఏదో అనబోయింది. తాతయ్య లేచి నిలబడి చెయ్యెత్తాడు. ఒక్కసారిగా ఆయన మళ్ళీ దుకాణం యజమాని అయిపోయాడు.

"ఎవరూ కదలొద్దు. చెప్పులు విప్పండి. ఫ్యాను ఆపండి. కిటికీలు మూసి తెరలు వెయ్యండి."

చిన్న స్క్రూ కిందపడితే గడియారాలవాళ్ళు వెతికే పద్ధతి అది. గది చీకటి చేసి, టార్చిని నేలమీద పడుకోబెట్టి వెలిగించాడు. పైనుంచి వేస్తే చిన్న వస్తువు కనపడదట. నేలకి ఆనించి వేస్తే ఇసుక రేణువు కూడా జానెడు నీడ వేస్తుంది. నిజంగానే వేసింది. మేం ముగ్గురం బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, నీడల్ని ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ పోయాం. ఏమైందోనని లోపలికి వచ్చిన దర్జీ కూడా గుమ్మంలోనే మెడలోని టేపు తీసి పక్కన పెట్టి పడుకున్నాడు.

"దొరికింది!"

"ఏది?"

"కాదు, జీలకర్ర."

"అన్నయ్యా, దయచేసి మీరు నీడ వెయ్యకండి" అంది పిన్ని.

బల్లకాళ్ళ దగ్గర, గోడ వారన, తివాచీ కింద, చెత్తబుట్టలో, చీపురు పోచల మధ్య, అన్నిచోట్లా చూశాం. చొక్కాగుండీ, రెండు పిన్నులు, విరిగిన దువ్వెనపల్లు దొరికాయి. నల్ల ముక్క లేదు. తెరలు తీశాం. పన్నెండు ఇరవై.

పిన్ని లేవలేదు. నేలమీదే గోడకి ఆనుకుని కూర్చుని ఫోను తీసింది. "రానని చెప్పేస్తాను. చెప్పకుండా మానేస్తే, రేపు ఇంకో ఆడమనిషి అడిగినా నమ్మరు" అంది. ఆమె మొహంలో ఏడుపు లేదు. ఏడ్చినా బాగుండేది.

"ఆగు పిన్నీ."

నా గొంతు నాకే పెద్దగా వినపడింది. ముగ్గురూ నావైపు తిరిగారు. చెవులు కాలిపోయాయి. అయినా అన్నాను. "ఒంటిగంట దాకా ఆగు. నలభై నిమిషాలే కదా. నువ్వు ఒంటిగంటకి చెప్పినా రానట్టే, ఇప్పుడు చెప్పినా రానట్టే."

తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు. కానీ ఒకటి తెలుసు. గదిలో పడి ఉంటే ఆ టార్చికి దొరికి ఉండేది. తాతయ్య పద్ధతి తప్పు కాదు. అంటే అది నేలమీద పడలేదు. నేను బకెట్లు నింపుతున్నప్పుడు ఈ బల్లమీద ఏదో జరిగింది. దాన్ని నేను చూడలేదు, తాతయ్య చూసి మరిచిపోయాడు.

"తాతయ్యా, పొద్దున చేసింది మళ్ళీ చేసి చూపిస్తారా?"

"చెప్పానుగా. ఊదేశానని."

"చెప్పకండి. చేయండి."

ఆయనకి కోపం వచ్చింది. కానీ కూర్చున్నాడు. గుడ్డ పరిచాడు, భూతద్దం పెట్టుకున్నాడు, చిప్ప విప్పాడు, రబ్బరు బుడ్డి తీసుకుని పుస్సుమని ఊదాడు. "ఇదిగో. ఇంతే." మా బడిలో ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మేష్టార్లు పాఠం చెప్పినట్టుంది. ఆయన చేయలేదు, చూపించాడు. రెండూ ఒకటి కాదు.

పొద్దున ఆ చిప్పలో మురికి ఉంది, ఇప్పుడు లేదు. మురికి లేని చిప్పలో ఆయన చేతులు ఏం చేస్తాయి? కిటికీ చువ్వల వెనక వేలు పెట్టి బరికాను. ఎన్నాళ్ళ దుమ్మో, చిటికెడు జిడ్డుమట్టి వచ్చింది. దాన్ని తెచ్చి చిప్ప మూలల్లో కుక్కి ఆయన ముందు పెట్టాను.

"ఛీ ఛీ! ఏం పిల్లవమ్మా నువ్వు!" అన్నాడు. భూతద్దం సర్దుకున్నాడు. చిన్న బ్రష్షుతో దుమ్ము దులిపాడు. మూలల్లో జిడ్డు కదల్లేదు. చిరాగ్గా నాలుక చప్పరించాడు. అప్పుడు ఆయన ఎడమ చెయ్యి, ఆయన చూడకుండానే, బల్లకింది సొరుగు లాగి, ఒక రేకు డబ్బా మూత తీసి, లోపలినుంచి బూడిదరంగు ముద్ద ఒకటి తీసింది. మైనంలా మెత్తగా ఉంది. దాన్ని వేళ్ళమధ్య మొనలా సాగదీసి గూట్లో అద్ది లాగాడు. జిడ్డంతా దానికి అంటుకుని వచ్చేసింది. ముద్దని మడిచి మళ్ళీ అద్దాడు. మడిచాడు.

మడుస్తూ ఆగిపోయాడు.

తాతయ్య ఆ ముద్దని తెల్లగుడ్డ మీద పెట్టి, భూతద్దం కింద, చిన్న పట్టకారుతో మెల్లగా చీల్చడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళుగా మడుస్తూ వచ్చిన ముద్ద. పొరపొరకీ ఏదో ఒకటి. వెంట్రుకలు, తుప్పు, ఇత్తడి పొడి, చిట్టి చక్రం ఒకటి. తర్వాత పొడుగ్గా, సన్నగా, ఎర్రగా ఒకటి బయటపడింది.

"అది సెకన్ల ముల్లు కదూ?" అన్నాడు దర్జీ, మెడ ముందుకు సాచి.

తాతయ్య తల ఇంకా కిందికి వంచాడు.

"నా గోడగడియారం ముల్లు కదూ? ముల్లు లేకుండానే తెచ్చావని ఆరునెలల కిందట నాతో వీధంతా వినేలా పోట్లాడిన ముల్లు!"

"తర్వాత పోట్లాడండి అన్నయ్యా. ఒంటిగంట తర్వాత ఎంతసేపైనా పోట్లాడండి" అంది పిన్ని. ఆమె ఎప్పుడు లేచిందో, బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

ముల్లు పక్కకి జరిగింది. దాని కింద మడతలో, మురికి పూసుకుని, కోణంగా, నల్లగా, గింజంత ముక్క.

తాతయ్య దాన్ని పట్టకారుతో ఎత్తి వెలుతురుకి పెట్టాడు. మెత్తటి గుడ్డతో తుడిచి, గూట్లో పెట్టాడు. అచ్చంగా సరిపోయింది. కొత్త సెల్ మళ్ళీ వేశాడు.

ఇక చిప్పలు కలిపి ఉంచడమెలా? చాకుతో విరిగిన కొక్కెం అతకాలంటే జిగురు ఆరేసరికి సాయంత్రమవుతుంది. తాతయ్య దారం కోసం సొరుగు వెతికాడు. అందులో ఉన్నది గడియారాలకి చీటీలు కట్టే సన్నటి దారం, లాగితే తెగిపోయింది. దర్జీ ఒక్క ఉరుకులో ఎదురింటికి వెళ్ళి దారపు రీలు తెచ్చాడు.

"జీన్సు ప్యాంట్లకి వేసేది. ఏనుగుని కట్టినా తెగదు. ముల్లు సంగతి మరిచిపోయాననుకోకు పెద్దాయనా."

తాతయ్య రీలు అందుకున్నాడు. "మరిచిపో అనలేదు" అన్నాడు మెల్లగా. బటన్లకి అడ్డం రాకుండా పైన నాలుగు చుట్లు, కింద ఆరు చుట్లు, మధ్యలో ముడి. తాళంచెవి తలకి దెబ్బతగిలి కట్టు కట్టించుకున్నట్టుంది.

పిన్ని కారులో కూర్చుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. తిప్పింది. ఇంజను లేచింది. ఒకటి, రెండు. నేను లోపల లెక్కపెడుతూనే ఉన్నాను. ఐదు, తొమ్మిది, పద్నాలుగు. ఎర్ర బొమ్మ ఆరిపోయింది. పిన్ని కాలితో యాక్సిలరేటరు ఒకసారి గట్టిగా నొక్కింది. ఇంజను వీధంతా వినేలా అరిచింది. లోపలినుంచి బాబాయి, "ఎవర్రా అది, పొద్దున్నే!" అని కేకేసి, మళ్ళీ పడుకున్నాడు.

"ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యి పిన్నీ. ఐదు చోట్ల ఆపాలి కదా" అన్నాను.

ఆపి స్టార్ట్ చేసింది. లేచింది. మూడోసారి కూడా లేచింది. నాలుగోసారి తిప్పుతుండగా దారం జారి చిప్పలు నోరు తెరిచాయి. ఇంజను ఆగిపోయింది. నేను తాళంచెవి తీసుకుని చూస్తే, నల్ల ముక్క గూట్లోంచి జారి సెల్ మీద పడుకుని ఉంది. తాతయ్యకి ఇవ్వబోయాను. ఆయన నా చెయ్యి వెనక్కి నెట్టాడు.

"నువ్వు కట్టు. చూశావుగా."

మెట్లమీద కూర్చుని కట్టాను. ముక్క జారకుండా గూటి అంచుకి ఆ మైనం ముద్దలోంచి ఆవగింజంత అద్దాను. అది నా ఆలోచనే, తాతయ్య వద్దనలేదు. ఈసారి ఆరుసార్లు వరసగా లేచింది. అయినా బండి కుదుపులకి దారం వదులైతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. పన్నెండు యాభై ఐదు. ల్యాబు గేటుకి నలభై నిమిషాల దారి.

పిన్ని మొహం కడుక్కుని, జుట్టు ముడి బిగించుకుని వచ్చింది. నన్ను చూసి, "ఎక్కు" అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటే? దారిలో ఊడితే ఎవరు కడతారు? నాకు చాకుతో విరగ్గొట్టడమే వచ్చు."

"నేను రాను పిన్నీ. ఐదు ఆసుపత్రులు. అక్కడ అందరూ ఉంటారు. ఎవరమ్మాయ్ నువ్వు అని అడుగుతారు."

"అడిగితే మా మెకానిక్కు అని నేను చెబుతాను. నువ్వు నోరు విప్పక్కర్లేదు."

"సూపర్‌వైజర్ ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే అప్పుడు చూద్దాం. వెళ్ళకపోతే ఎలాగూ ఒప్పుకోడు." ఇంజను స్టార్ట్ చేసి, నావైపు తలుపు లోపలినుంచి తోసింది. "కింద రాసి ఉన్న పేరువాడు ఈపాటికి ఫోను పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఎక్కవే."

సీటు అంచున కూర్చుని ఒక కాలు లోపల పెట్టాను. రెండోది నేలమీదే ఉంది. ఆ కాలుకి ఇష్టం లేదు. తాతయ్య మెట్లు దిగి వచ్చాడు. ఆయన చేతిలో గుడ్డసంచి ఉంది. పట్టకారు, దారపు రీలు, మైనం ముద్ద డబ్బా అందులో వేసి నా ఒళ్ళో పెట్టాడు.

"ఆ పట్టకారు నా పెళ్ళికంటే పాతది. దాన్ని గానీ పారేశావో..."

"పారేయడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరు గానీ, తప్పుకోండి మామయ్యా, టైమైంది" అంది పిన్ని.

తాతయ్యకి నవ్వొచ్చినట్టుంది. కానీ నవ్వలేదు. వంగి, నా రెండో కాలు పట్టుకుని ఎత్తి లోపల పెట్టాడు. బయట వేలాడుతున్న సంచి పట్టీని వేలితో లోపలికి తోశాడు. నేను ఇంకా "తాతయ్యా, నేను..." అంటూనే ఉన్నాను, ఆయన తలుపు వేసేశాడు.